సగం మాట

“చెప్పేస్తే పోయేదానికి జైలుదాకా ఎందుకు?” అన్నాడు బ్రేకు మాస్టారు. పొద్దున్నుంచి అదే మాట తిప్పి తిప్పి అడుగుతున్నాడు.

భార్య తలెత్తలేదు. ఆసుపత్రిలో వేసుకునే తెల్లకోటుకి ఇస్త్రీ చేస్తోంది. కాలరు అయిపోయింది, చేతులు అయిపోయాయి, మళ్ళీ కాలరు దగ్గరికే వచ్చింది.

బల్ల మీద, ఉప్పుసీసా కింద, పోలీసుల నోటీసు పడి ఉంది. పోయినవారం వాళ్ళు ఇంటికొచ్చి పట్టుకెళ్ళిన ఆమె లాప్‌టాప్‌లో తాళం వేసిన ఫైలు ఒకటుంది. దాని పాస్‌వర్డు సోమవారంలోగా చెప్పాలి. చెప్పకపోతే, లోపల ఏముందన్న దానితో పనిలేదు, చెప్పకపోవడమే నేరం. మరిచిపోయానంటే మరిచిపోయినట్టు తనే రుజువు చేసుకోవాలి. చట్టం అలా ఉంది.

“రెండేళ్ళు లోపల కూర్చుంటావా? అంత అపురూపమైనదేముంది అందులో?”

“ఎక్స్‌రేలున్నాయని చెప్పానుగా.”

“ఎక్స్‌రే తియ్యడం నీ ఉద్యోగం. రోజూ తీస్తావు. ఎవరివో ఎముకల కోసం ఏ ఆడదైనా కాపురం వదులుకుని జైలుకెళ్తానంటుందా?”

“ఎవరివో అని మీరంటున్నారు.”

“మరి ఎవరివి?”

ఆమె కోటు తిరగేసింది.

కిటికీ దగ్గర కూర్చుని బఠానీలు ఒలుస్తున్న అతని తల్లి కలగజేసుకుంది. “ఒరే, దాన్ని కాసేపు వదిలెయ్యరా. ఆసుపత్రిలో రోజంతా అందర్నీ ఊపిరి బిగపట్టమంటుంది. ఇంటికొస్తే ఆ పని దానికే పడుతోంది.”

“నువ్వూరుకో అమ్మా.” అతను బల్ల చుట్టూ తిరిగి భార్య ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. “సరే, పోలీసులకొద్దు. నాకు చెప్పు. మొగుణ్ణి. నాకు చెప్పడానికేం?”

“మీకు చెప్పీ లాభం లేదు. నాకు తెలిసింది సగమే.”

ఇస్త్రీపెట్టె ఆగిపోయింది. నోరు జారిందని ఆమెకి వెంటనే తెలిసింది.

“సగమేమిటి? మిగతా సగం?”

ఆమె ఇస్త్రీపెట్టె మీంచి చెయ్యి తియ్యలేదు.

“మిగతా సగం ఎవరి దగ్గరుంది?”

గదిలో కమురు వాసన వేసింది. “అమ్మాయ్, కోటు!” అని తల్లి అరిచాక గానీ ఆమె చెయ్యి కదలలేదు. కాలరు మీద గోధుమరంగు మచ్చ పడింది.

“ఆ ఎముకల డాక్టరు దగ్గర. అంతేనా?”

“నేనలా అన్లేదు.”

“కాదని కూడా అన్లేదు.”

ఆమె ఆ మాడిన కోటే మడిచి సంచిలో పెట్టుకుంది. చెప్పులేసుకుంది. గుమ్మం దగ్గర ఒక్కసారి వెనక్కి తిరిగి ఏదో చెప్పబోయింది. అతను మొహం తిప్పుకున్నాడు. తలుపు మెల్లగా మూసుకుంది. విసురుగా వేసి వెళ్ళినా బాగుండేదనిపించింది అతనికి.

ఎముకల డాక్టరంటే మాస్టారికి ఈనాటి మంట కాదు.

ఒకసారి ఆసుపత్రిలో ఎవరిదో పదవీ విరమణ సభకి భార్యతో వెళ్ళాడు. అందరికీ టీలు ఇస్తున్నారు. డాక్టరు ఆమె కప్పులో ఏమీ అడక్కుండా ఒకటిన్నర చెంచా పంచదార వేసి ఇచ్చాడు. ఆమె ఏమీ అనకుండా అందుకుని తాగింది. పద్దెనిమిదేళ్ళ కాపురంలో ఎవరింటికెళ్ళినా “మీ ఆవిడకెంత వెయ్యమంటారు?” అంటే తడుముకునే మనిషి మాస్టారు. ఆ రోజు తన కప్పులో టీ చల్లారిపోయింది.

తర్వాత తర్వాత, భోజనాల దగ్గర ఆమె “డాక్టరుగారేమన్నారంటే” అన్నప్పుడల్లా అతని నోట్లో ముద్ద లావయ్యేది. కొన్నాళ్ళకి ఆమె ఆ మాట అనడం మానేసింది. అప్పుడింకా భయమేసింది.

పోలీసులు రావడానికి ముందే ఆ ఫైలు సంగతి అతను కనిపెట్టాడు. ఆమె స్నానానికెళ్ళినప్పుడు లాప్‌టాప్ ముందు కూర్చుని పెళ్ళిరోజు కొట్టి చూశాడు. తెరుచుకోలేదు. తన పుట్టినరోజు కొట్టాడు. మొదట కాపురం పెట్టిన ఇంటి నంబరు కొట్టాడు. ఆఖరికి డాక్టరు పేరు కొట్టాడు. అదీ పడలేదు. ఆ పేరు పడనందుకు సంతోషించాలో, తనది పడనందుకు ఏడవాలో తెలియక మూత దించేశాడు.

ఇప్పుడు తెలిసింది. ఆ మాట ఎవరి పేరూ కాదు. ఇద్దరూ చెరిసగం పంచుకున్న మాట.

* * *

మాస్టారి డ్రైవింగ్ స్కూలంటే ఒక ఇరుకుగది, గోడకి రోడ్డు గుర్తుల పటం, బయట ఒక పాత కారు. ఆ కారుకి పక్కసీటు దగ్గర కూడా బ్రేకుంటుంది. నేర్చుకునేవాళ్ళు గోడ మీదికి పోనిచ్చే వేళకి అతను దాన్ని తొక్కుతాడు. ఆ పేరు అలా వచ్చిందే.

ఆ పూట రావలసిన బ్యాంకు గుమాస్తా రాలేదు. ఆయనకి బదులు, నోటీసు పంపిన ఇన్‌స్పెక్టరు వచ్చాడు, మామూలు బట్టల్లో.

“నాకు లైసెన్సుందిలెండి మాస్టారూ. కానీ రివర్సు ఇప్పటికీ సరిగ్గా రాదు. కాస్త నేర్పుదురూ.”

కాదనడానికి వీల్లేని నవ్వు అది. మాస్టారు తాళాలిచ్చాడు.

గోడౌన్ల వెనక ఖాళీ స్థలంలో ఎర్రరంగు వేసిన డ్రమ్ములు వరసగా నిలబెట్టి ఉంటాయి. వాటి మధ్యలోంచి వెనక్కి రావాలి. ఇన్‌స్పెక్టరు నిదానంగా కారు తిప్పాడు.

“మీరు నన్ను శత్రువనుకుంటున్నారు. మీ సంసారం గురించి నాకున్న బెంగ మీ ఇంట్లోవాళ్ళకి కూడా లేదు.”

“అద్దం చూసుకోండి,” అన్నాడు మాస్టారు.

“నేను చూస్తూనే ఉన్నాను. మీరే చూడటం లేదు.” కారు వెనక్కి కదిలింది. “ఎక్స్‌రేలని చెప్పిందా మేడంగారు? నాకూ అదే చెప్పింది. నమ్మబుద్ధవుతోందా మీకు?”

మాస్టారు పక్క అద్దం సరిచేశాడు.

“పోయిన నెల ఒక ఆదివారం ఆవిడ ఎక్కడికెళ్ళారు?”

“వాళ్ళక్క ఇంటికి. నేనే బస్సెక్కించాను.”

“ఎక్కించారు. ఆవిడ రెండో స్టాపులో దిగిపోయారు.”

ఒక చేత్తో స్టీరింగు పట్టుకుని, రెండో చేత్తో ఇన్‌స్పెక్టరు జేబులోంచి ఫోను తీసి మాస్టారి ఒళ్ళో పెట్టాడు. బొమ్మలో డాక్టరు కారు. ముందుసీట్లో తన భార్య. డాక్టరు ఏదో చెబుతున్నాడు. ఆమె పూర్తిగా అటు తిరిగి, కళ్ళు పెద్దవి చేసుకుని వింటోంది.

తను మాట్లాడేటప్పుడు ఆమె అలా విని ఎన్నాళ్ళయింది? ఎప్పుడైనా విందా?

ఢామ్మని చప్పుడైంది. కారు వెనకభాగం డ్రమ్ముకి కొట్టుకుని అది దొర్లుకుంటూ పోయింది. మాస్టారు కాలి కింద బ్రేకు అలాగే ఉంది. ఈ పనిలో దిగాక అతను బ్రేకు మరిచిపోవడం అదే మొదలు.

“పర్లేదు లెండి,” అన్నాడు ఇన్‌స్పెక్టరు, తప్పు చేసింది మాస్టారే అన్నట్టు. “చూడండి, నాకు కావలసింది ఆ పాస్‌వర్డొక్కటే. మాటల్లోనో పరాకులోనో ఆవిడ మీ దగ్గర అనే ఉంటుంది. చెప్పండి. మేడంగారిని స్టేషను గుమ్మం తొక్కనివ్వను. ఫైలు తెరిచిన రోజు ముందు మీకే చూపిస్తాను. గదిలో మనిద్దరమే ఉంటాం.”

అప్పుడన్న మాట ఎందుకన్నావని తర్వాత ఎవరైనా మాస్టారిని అడిగితే, పొరపాటున వచ్చిందని చెప్పుకోవచ్చు. పొరపాటు కాదని అతనికి తెలుసు. లోపల ఎప్పట్నుంచో కాగుతున్నది పైకి పొంగింది.

“ఆవిణ్ణెంత పిండినా రాదు సార్. ఆవిడకి తెలిసింది సగమే.”

గేరు మీద ఇన్‌స్పెక్టరు చెయ్యి నిలిచిపోయింది. మిగతా సగం ఎవరి దగ్గరని అడుగుతాడనుకున్నాడు మాస్టారు. అడగలేదు. ఇంజను ఆపి, కారు దిగి, పడిపోయిన డ్రమ్ముని తన చేతుల్తోనే లేవనెత్తి నిలబెట్టి, చేతులు దులుపుకున్నాడు.

“రివర్సు వచ్చేసింది మాస్టారూ,” అని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి మాస్టారు ఇష్టంగా భోంచేశాడు. ఇన్‌స్పెక్టరు బల్ల ముందు చెమటలు కక్కుతున్న డాక్టరు కళ్ళముందు కనిపించాడు. అడిగి మరీ ఇంకొంచెం వడ్డించుకున్నాడు. తల్లి అతని మొహంకేసి అదోలా చూసింది.

“ఏమిట్రా ఆ హుషారు?”

“ఏం లేదే,” అన్నాడు. చెయ్యి మాత్రం రెండుసార్లు కడుక్కున్నాడు.

* * *

డ్యూటీ అయ్యే వేళ కాకముందే ఆమె ఇంటికొచ్చింది. ఒంటి మీద తెల్లకోటు అలాగే ఉంది. కోటుతో వీధిలో నడిచే అలవాటు ఆమెకి లేదు.

“డాక్టరుగారిని తీసుకెళ్ళారు,” అంది.

తల్లి లేచి నిలబడింది. మాస్టారు కూర్చున్నచోటే ఉన్నాడు.

“ఒక పేషెంటుకి కట్టు కడుతున్నారు. కాలు ఇంకా ఆయన చేతుల్లోనే ఉంది. ఇది పూర్తి చేసి వస్తానన్నారు. చెయ్యనివ్వలేదు. ఆ కాలు నా చేతుల్లో పెట్టి వెళ్ళారు.” ఆమె చేతులు ఇంకా ఆ బరువు మోస్తున్నట్టే ముందుకి చాపి ఉన్నాయి. “ఇన్‌స్పెక్టరు అడిగిన మొదటి మాటేమిటో తెలుసా? ‘నీ సగం చెప్పు’ అని.”

ఆమె చాపిన చేతులు దించుకుంది.

“సగమన్న మాట ఇన్నాళ్ళూ నాకూ ఆయనకీ తప్ప తెలీదు. పొద్దున్న ఈ గదిలో నా నోరు జారింది. అప్పుడిక్కడ ఉన్నది మనం ముగ్గురం.”

“నేనేనమ్మా,” అంది తల్లి గభాలున. “పక్కింటావిడ దగ్గర వాగాను. వయసొచ్చింది గానీ నోరు అదుపులోకి రాలేదు. ఆవిడ ఎక్కడ అందో ఏమో.”

కోడలు అత్తగారి దగ్గరికెళ్ళి ఆమె చెయ్యి పట్టుకుంది. “పక్కింటావిడ ఊళ్ళో లేదు అత్తయ్యా. ఆవిడ మొక్కలకి నీళ్ళు పోస్తున్నది మీరేగా.”

తల్లి కళ్ళు దించుకుంది. ఆ కళ్ళు కొడుకు వైపు వెళ్ళకుండా ఉండటానికి ఎంత కష్టపడ్డాయో మాస్టారికి కనిపించింది.

“అమ్మ కాదు. నేను,” అన్నాడు.

ఆమె అతనికేసి తిరిగింది. అరవలేదు. పైనుంచి కిందిదాకా చూసింది, భుజాలు, పక్కటెముకలు, చేతివేళ్ళు. పనిలో పడిపోయిన చూపు అది.

“కొట్టారా మిమ్మల్ని?”

“లేదు.”

“బెదిరించారా?”

“లేదు. ఫోటో చూపించాడు. ఆదివారం... నువ్వు... ఆయన కార్లో.”

“ఇందుకా?” అంది. నవ్వొచ్చింది ఆమెకి. నాలుగు తిట్టినా భరించేవాడు, ఆ నవ్వు భరించలేకపోయాడు. “ఇందుకా చెప్పారు?”

“బస్సెక్కించింది నేను! దిగి ఇంకొకడి కారెక్కింది నువ్వు! అడగకూడదా నేను?”

“అడగాల్సింది నన్ను.”

“అడిగితే చెప్పేదానివా?”

ఈసారి తగ్గింది ఆమే. కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఆ ఆదివారం మేము ఒక వంటమనిషి ఇంటికెళ్ళాం. ఆవిడ కొడుకు చెయ్యి మూడుచోట్ల విరిగింది. అతన్ని ఆసుపత్రికి పోలీసులే తీసుకొచ్చారు. స్టేషన్లో మెట్ల మీంచి జారిపడ్డాడని రాయించారు. మెట్ల మీంచి పడితే ఎముక అలా విరగదని డాక్టరుగారు రాశారు. మర్నాటికి ఆ ఎక్స్‌రే ఆసుపత్రి కంప్యూటర్లో లేదు. ఎవరో తీసేశారు. అప్పట్నుంచి అలాంటివి వచ్చినప్పుడల్లా నేను ఇంకో కాపీ దాస్తున్నాను. అందరూ ఒకే స్టేషను నుంచి వస్తారు. అందరూ మెట్ల మీంచే పడతారు.” ఆమె ఆగింది. “ఆ స్టేషనుకి మెట్లే లేవు. నేను వెళ్ళి చూశాను.”

తల్లి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

“ఎవరి స్టేషను?” అన్నాడు మాస్టారు. ఆ మాట అనకముందే జవాబు తెలిసిపోయింది. డ్రమ్ము లేవనెత్తిన చేతులు గుర్తొచ్చాయి.

“మీకు ఫోటో చూపించినాయనదే. ఎక్స్‌రేలొక్కటే కాదు. జడ్జి ముందుకొచ్చి చెప్తామన్నవాళ్ళ పేర్లున్నాయి అందులో, ఇళ్ళ చిరునామాలున్నాయి. అన్నీ కూడాక జడ్జి దగ్గర పెడదామనుకున్నాం. ఈలోపల ఆయనకి వాసన తగిలింది. ఆసుపత్రి రహస్యాలు దొంగిలించానని కేసు రాసి ఈ కాగితం పంపించాడు. దీనికి జడ్జి సంతకం కూడా అక్కర్లేదు. పైఆఫీసరు సంతకం చాలు. దొంగలని పట్టుకోవడానికి చేసిన చట్టమండీ ఇది. ఇప్పుడు ఆయన చేతిలో ఉంది.”

మాస్టారికి ఇదంతా అర్థమవుతూనే ఉంది. విరిగిన చేతులూ, భయపడ్డ తల్లులూ, అన్నీ. అయినా వాటన్నిటి మీదుగా ఒకటే మాట పైకి తేలి వచ్చింది. సిగ్గుపడుతూనే అడిగాడు.

“నాకెందుకు చెప్పలేదు? ఆ సగం ఆయనకిచ్చావు. నాకిస్తే నేను దాచలేనా?”

“దాచారుగా. మధ్యాహ్నందాకా.”

ఆ దెబ్బకి అతను బల్ల అంచు పట్టుకున్నాడు. అన్నాక ఆమెకీ బాధేసినట్టుంది. గొంతు తగ్గించింది.

“మొదట మీకే ఇద్దామన్నాను. ఆయనే వద్దన్నారు. ‘ఇంట్లో ఒక్కరైనా బయట ఉండాలి, మీ ఆయన్ని ఇందులోకి లాగకండి’ అన్నారు.”

మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తను ఇవాళ ఇంట్లో కూర్చుని తిన్న తిండి కూడా ఆ మనిషి దయేనన్నమాట. అంత సిగ్గులోనూ కడుపులో మంట ఆరలేదు. ఆరకపోగా ఇంకాస్త ఎగసింది. తన గురించి వాళ్ళిద్దరూ కూర్చుని మాట్లాడుకున్నారు. తనని ఏం చెయ్యాలో వాళ్ళిద్దరూ తేల్చుకున్నారు.

“బాగుంది,” అన్నాడు. “నా మంచి చెడ్డలు కూడా ఆయనే చూస్తున్నాడన్నమాట.”

“ఇంకా అదేనా మీ బాధ?” అంది ఆమె. “ఆయన అక్కడున్నారు. ఆ స్టేషన్లో. అక్కడ మనుషులకేమవుతుందో ఇప్పుడే చెప్పాను మీకు.”

గంట మోగింది.

తల్లి వెళ్ళి తలుపు తీసింది. గుమ్మంలో ఒక కానిస్టేబులూ, వెనక ఒక ఆడ కానిస్టేబులూ. ఆమెని చూసి మాస్టారు చప్పున భార్యకి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. ఎందుకు నిలబడ్డాడో ఆలోచించుకోలేదు, కాళ్ళే తీసుకొచ్చాయి.

“సోమవారందాకా టైముంది మా ఆవిడకి,” అన్నాడు.

“మేడంకి కాదండీ,” అన్నాడు కానిస్టేబులు, మొహమాటపడుతూ. “ఇది మీకు.”

అవే రాతలు, అదే ముద్ర. పేరు మాత్రం తనది, ఒక్క అక్షరం తప్పు లేకుండా. ‘సదరు ఫైలు పాస్‌వర్డు తమకు తెలిసియున్నదని నమ్ముటకు తగిన కారణము కలదు’ అని ఉంది. రెండుసార్లు చదివాడు.

“నాకు తెలీదు. నిజంగా తెలీదు. తెలియకే కదా నేను...”

మాట అక్కడే మింగేశాడు.

“అందరూ అదే అంటారండీ. తెలీదని మీరే రుజువు చేసుకోవాలట. ఆవిడకి తెలిసింది సగమేనని మీరే సార్‌తో అన్నారటగా?” కానిస్టేబులు గొంతు ఇంకా తగ్గించాడు. “ఇప్పుడే తీసుకురమ్మన్నారు. ఒక జత బట్టలు తెచ్చుకోండి. మేడంగారు తన సగం చెప్పేస్తే మాత్రం వెంటనే ఇంటికి పంపించేస్తానని చెప్పమన్నారు.”

తల్లి కోడలి భుజం పట్టుకుంది. ఆ వేళ్ళు నొక్కుకున్న తీరే కొడుకుని కాపాడమని అడుగుతోంది.

మాస్టారు భార్య వైపు చూశాడు. ఒక పక్క, ఆ ఫైల్లో పేర్లున్న, తను మొహమైనా ఎరగని వాళ్ళ ఇళ్ళు. ఒక పక్క, తన సగం పళ్ళ బిగువున పట్టుకుని ఆ స్టేషన్లో కూర్చున్న మనిషి. ఒక పక్క తను. ఆమె ఎవరిని కావాలనుకుంటుంది? టీకప్పు పట్టుకుని నిలబడిన ఆ రోజు నుంచీ అతను అడగాలనుకున్నది ఇదొక్కటే. అడక్కుండానే ఇవాళ జవాబొచ్చే వేళయింది.

వినకుండా వెళ్ళిపోతే నయమనిపించింది. చెప్పుల కోసం వంగాడు.

“ఆగండి,” అంది ఆమె.

ఆ మాట కానిస్టేబుళ్ళతో అందో, తనతో అందో అతనికి తెలియలేదు. తలెత్తి చూడటానికి ధైర్యం చాలక, వంగినవాడు వంగినట్టే ఉండిపోయాడు.